సన్నాయికి పెట్టిన నూనె

మా ఆయనకు ఊపిరి అయిపోయిందని ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఒక మాట పుట్టింది. పుట్టించినవాళ్ళు పోయారు, విన్నవాళ్ళూ చాలామంది పోయారు. తలుచుకుంటే నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన ఊపిరికి ఏ రోగమూ లేదు.

మా పుట్టిల్లు ఆదోని. పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చాను. అత్తగారింట్లో మగవాళ్ళు పెళ్ళిళ్ళకు సన్నాయి, డోలు వాయించేవాళ్ళు. ఆడవాళ్ళం పెళ్ళికూతుళ్ళకు పారాణి పెట్టేవాళ్ళం. సన్నాయి ఊదేది మా ఆయనే అయినా గొట్టం లోపల శుభ్రం చేసే పని నాది. ఊదగా ఊదగా లోపల తడి పేరుకుంటుంది. సన్నటి వెదురుపుల్లకు పాత పంచెగుడ్డ చుట్టి, తిప్పుతూ లాగాలి. గుడ్డ తెల్లగా వచ్చాక నువ్వుల నూనెలో తడిపిన గుడ్డ దూర్చి, కర్ర తాగినంత నూనె పట్టించి నీడలో వేలాడదీయాలి. మా ఎండలకు నూనె లేని కర్ర పగుళ్ళిస్తుంది. ఆ సన్నాయి మా మామగారిది. ఆయన పోతూ ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

పంతొమ్మిది వందల యాభైల్లో ఒక వేసవి. నందవరం వైపు ఒక పల్లెలో పెద్ద రైతు కూతురికి నిశ్చితార్థం జరిగింది. పెళ్ళికి మేళం మాదేనని చెప్పి, జీతగాడి చేత తాంబూలం, బియ్యం, చెంబెడు నూనె పంపారు. చెంబు చూసి పొంగిపోయాను. ఇంట్లో నువ్వుల నూనె చుక్క లేదు మరి. ఇంత నల్లగా ఉందేమిటని అనుమానం రాకపోలేదు, వాసన కూడా చూశాను. పెద్దింటివాళ్ళు శుభకార్యానికి పంపిన నూనె చెడ్డదెందుకవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తెలివితక్కువతనానికి నన్ను నేను ఇంకా తిట్టుకుంటాను. అది నిశ్చితార్థం వంటల్లో బజ్జీలు, బూరెలు వేయించగా మూకుట్లో మిగిలిన నూనె. మూడు రోజులు వరసగా సన్నాయికి అదే పట్టించాను.

ఇంటి దగ్గర ఊది చూసినప్పుడు బాగానే పలికింది. పెళ్ళిపందిట్లో ఎండకూ, ఊపిరి వేడికీ లోపలి జిడ్డు సాగి బంకలా అడ్డం పడింది. తాళి కట్టే వేళ మా ఆయన బుగ్గలు పొంగించి ఊదితే స్వరం చీలిపోయి బుస్సుమంది. డోలు ఒక్కటే మోగింది. పందిరంతా ఇటు తిరిగి చూసింది.

పెళ్ళికూతురి తండ్రి అందరి ముందూ అరిచాడు. "తాళి కట్టేటప్పుడు మూగబోతాదా మేళం? ఊపిరి లేనోనివి ఎందుకొచ్చినావురా? యాడన్నా పోయి సావరాదా?"

మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మాట ఊళ్ళు తిరిగితే మమ్మల్ని ఇంకో పెళ్ళికి పిలిచేవాళ్ళుండరు. నాకు కళ్ళమ్మట నీళ్ళు రాలేదు, కోపమే వచ్చింది. పారాణి గిన్నె పక్కన పెట్టి లేచాను. సన్నాయి ఆయన చేతిలోంచి లాక్కుని, ఊదే పీక తీసి, మేళం సంచిలోని వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దూర్చాను. గుడ్డ నల్లగా, జిగటగా, పిండి నలుసులతో బయటికొచ్చింది. బజ్జీల వాసన గుప్పుమంది. దాన్ని పెళ్ళికూతురి తల్లి ముందు పెట్టాను.

"అమ్మా, మా ఇంటాయన ఊపిరికేం కాలేదు. ఇది మీరంపిచ్చిన నూనె. సన్నాయికి పెడితే ఇట్లయింది. కాగిన నూనెమ్మా ఇది!" అన్నాను.

ఆమె గుడ్డను చూసింది. నన్ను ఎగాదిగా చూసింది.

"కాగిన నూనే. కొత్తదని ఎవురన్నారు? గొట్టానికి పెట్టమని సెప్పినామా నీకు? మీరు తినేకని ఇచ్చినాము గదే!"

ఆమె సిగ్గుపడలేదు, తడబడలేదు. నిమ్మళంగా తప్పు నాదేనని తేల్చేసింది. కర్రకు పనికిరాని నూనె మా పిల్లలకు పనికొస్తుందన్నమాట. పందిట్లో ఉన్నవాళ్ళంతా నిజమేనన్నట్టు తలలూపారు.

మా ఆయన కూడా ఊపాడు.