పెద్దమ్మ నమ్మిన మాట

అన్నం ముట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. నా ఒట్టుకు మా ఊళ్లో విలువ లేదని నాకు తెలుసు. నాగావళి వరదలో గేదె తోక పట్టుకుని శ్రీకాకుళం దాకా ఈదుకెళ్లానని చెప్పినవాణ్ణి నేనే. అయినా ఈసారికి నమ్మండి.

కోతలు కొయ్యడం నాకు నేర్పింది మా పెద్దమ్మ. మా వైపు ఆడవాళ్లు చుట్టని అడ్డపొగ కాలుస్తారు. అంటే అంటించిన కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తారు. పెద్దమ్మ అలా కాలుస్తూనే ఊడ్పులు ఊడ్చేది, అలా కాలుస్తూనే కబుర్లు చెప్పేది. నోట్లో నిప్పు పెట్టుకుని అంత తియ్యగా అబద్ధమాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ నిప్పే చివరికి అంగిలిని తినేసింది. చెంప మీదకి పుండు తేలింది. క్యాన్సరుకి చేసే కోతలూ కరెంటు పెట్టడాలూ అయ్యాక, ఇక చేసేదేమీ లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. విజయనగరం నుంచి ఒక నర్సమ్మ వచ్చి కట్టు మార్చేది, వాసన తగ్గడానికి పుండు మీద మందుపొడి చల్లేది. ముక్కులోంచి వేసిన గొట్టంలోనే గంజి, అందులోనే మార్ఫిన్ మాత్ర నలిపి కలిపిన నీళ్లు. అవి పడ్డాక పెద్దమ్మ నుదుటి మడతలు విడేవి.

ఇదంతా పెద్దమ్మ కోడలు, మా వదిన చెబితే విన్నదే. నేను రోజూ వెళ్లేవాణ్ణి గానీ గుమ్మం దాటేవాణ్ణి కాదు. ఆ వాసన నా వల్ల అయ్యేది కాదు. బస్సు వేళయిందని అక్కణ్ణించే తిరిగొచ్చేసేవాణ్ణి.

టీ బడ్డీ దగ్గర జనం అడిగారు, ఏం మందు ఇస్తున్నారని. వదిన చెప్పిన మార్ఫిన్ పేరు తప్ప, లోపలికే వెళ్లనివాణ్ణి ఇంకేం చెప్పను? ఒక కథ అల్లేశాను. బొబ్బిలిలో వీణలు చేసే ఒకాయన ఆ మాత్ర వేసుకుని పడుకుని మరి లేవలేదన్నాను. మనిషిని తొందరగా సాగనంపడానికే అది ఇస్తారన్నాను. నా కథకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దం నాకు బాగుంది కూడా.

కథ ఊరంతా తిరిగి, పలకరించడానికొచ్చిన ఆడవాళ్ల నోట పెద్దమ్మ మంచం దాకా చేరింది. అప్పట్నుంచి ఆమె గంజి పోయనిచ్చేది, మందు తెస్తే మాత్రం గొట్టాన్ని గుప్పిట్లో బిగించేసేది. నర్సమ్మ ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపేది. నొప్పికి మంచం పట్టె పట్టుకుని ఊగేది.

"ఏ సచ్చినోడు సెప్పాడో గానీ, నా సేతిలో గ్లాసుని విషం సూసినట్టు సూత్తంది," అంది వదిన నాతో.

ఆ రోజు లోపలికి వెళ్లాను. "ఆ కత నాదే పెద్దమ్మా. బొబ్బిల్లో అలాటోడు ఎవడూ లేడు," అన్నాను.

"నువ్వు సెప్పింది ఏది నిజివయ్యిందిరా, ఇది నమ్మడానికి?"

మాట ముక్కులోంచి గాలిలా వచ్చింది. నోట్లో చుట్టతో మాట్లాడిన మనిషి దగ్గర పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ప్రతి అక్షరం తెలిసింది. మంచం మీద ఆమె పక్కనే కూర్చున్నాను. తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆమె నా ముఖంలోకి చూసి గుప్పిట విప్పింది.

ఆ ఒట్టు నేను కల్పించింది. ఆమె తల మీద నేను చెయ్యి వెయ్యలేదు, పక్కన కూర్చోలేదు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే లోపలికి వెళ్లాను. పెద్దమ్మ అది చూసింది. గొట్టం వదలకుండానే రెండో చేత్తో కొంగు ముఖం మీదకి లాక్కుని గోడవైపు జరిగింది.

"కంపు కొడతన్నానేటి, బావూ?"

లేదనడానికి ఒక్క కబురైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

"కొడతన్నావు పెద్దమ్మా."

పెద్దమ్మ కొంగు తప్పించి నా వైపు చూసింది. తర్వాత, "అయితే ఆ మందు కత నీదేనన్న మాటా నిజివే," అని గొట్టం మీద నుంచి చెయ్యి తీసేసింది. వదిన మందు పోసింది. తువ్వాలు నా ముక్కు మీదే ఉంది.