పిట్ట కోసం ఆగని తల్లి

భోజనాల దగ్గర నేనన్న ఒక్క మాట. దాన్ని నా పెళ్ళిలో మోశాను, పిల్లల్ని కన్నప్పుడు మోశాను, క్లాసులో నిలబడి పాఠాలు చెప్పిన అన్నేళ్ళూ మోశాను. ఇప్పుడు నా కాళ్ళు నన్నే మోయలేకపోతున్నాయి. ఇక ఎవరికైనా చెప్పెయ్యాలి. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

మాది కట్టంగూరు దగ్గర ఒక ఊరు. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, ఆ ఊరి పటేల్. దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం ఊళ్ళో బలంగా ఉన్న రోజుల్లో మేమంతా హైదరాబాదు పారిపోయి కిరాయి ఇంట్లో తలదాచుకున్నాం. మా భూములు ఊరివాళ్ళు పంచుకున్నారు. ఆ పారిపోవడమే నాకు కలిసొచ్చింది. ఊళ్ళో ఉంటే పెళ్ళి చేసి పంపేవాళ్ళు. పట్నంలో ఉన్నాం కాబట్టి యూనివర్సిటీకి వెళ్ళాను. సమాజశాస్త్రం, దానితో కలిపి మనస్తత్వశాస్త్రం. మొదట ఇమ్రానియాత్, నఫ్సియాత్ అని ఉర్దూలో చదివి, పోలీసు చర్య తర్వాత అవే పాఠాలు ఇంగ్లీషులో మళ్ళీ మొదలుపెట్టాం. ఒక శాస్త్రం ఊరినంతా చూడమనేది, ఇంకొకటి ఒక్క మనిషి లోపలికి చూడమనేది. రెండూ వచ్చినవాళ్ళకు ఇక తెలియనిదేముంటుంది అనుకునేదాన్ని. మనిషి చెప్పేది వినడంతో ఆగవద్దు, చేసేది గమనించండి అని మా మాస్టారు ఎప్పుడూ అనేవారు.

బాపు పోలీసుల వెంట ఊరికి తిరిగొచ్చాడు. సెలవులకు నేనూ వచ్చాను. చావు ఆచారాల మీద ఒక వ్యాసం రాసుకురమ్మని మాస్టారు చెప్పి పంపారు. వచ్చిన కొద్దిరోజులకే నాకొక చావు దొరికింది. అవును, దొరికిందనే అనుకున్నాను. ఆ పదాన్ని ఇప్పుడు మార్చి రాయను.

మల్లమ్మది గొర్లు కాసే కురుమ ఇల్లు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, లింగయ్య, సంఘం దళంలో కలిశాడు. కొడుకెక్కడున్నాడో చెప్పమని పోలీసులు ఆమెను క్యాంపుకు తీసుకుపోయి కొట్టేవాళ్ళు. ఆమె వంగి నడుస్తుంటే చూశాను. అప్పుడు దేవరకొండ అడవుల్లో కాల్పుల్లో లింగయ్య చనిపోయాడని, దళం వాళ్ళే అక్కడ పూడ్చేశారని కబురొచ్చింది. కబురు తెచ్చినవాడు మల్లమ్మ మరిది అయిలయ్య. ఆ రోజు నుంచి పోలీసులు ఆమె జోలికి రాలేదు.

శవం లేకపోయినా మూడోనాడు పిట్టకు పెట్టారు. మీకు తెలిసే ఉంటుంది. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట ఇస్తారాకులో పెట్టి, అందరూ దూరం జరిగి ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముడితే అతనికి ఏ కోరికా మిగల్లేదని నమ్మకం. ముట్టకపోతే దండం పెట్టి, నీ వాళ్ళను మేం చూసుకుంటామని మాటిస్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ కదలరు. నేను వేపచెట్టు కింద నిలబడి అన్నీ గమనిస్తున్నాను. మల్లమ్మ శోకాలు పెట్టి ఏడ్చింది. అందరికంటే గట్టిగా, అందరికంటే బాగా. ఆకులో అన్నం పెట్టింది. కొంగు దులుపుకుని ఇంటి దారి పట్టింది. ఆకాశం వంక ఒక్కసారైనా చూడలేదు. అయిలయ్య వెనక నుంచి పిలిచాడు, ఆమె ఆగలేదు. వదినకు మతి చెడిందని అతను అందరికీ సర్దిచెప్పాడు. అందరూ నమ్మారు.

నేను నమ్మలేదు. నా చదువు నన్ను నమ్మనివ్వలేదు.

ఆ వారంలోనే క్యాంపు ఆఫీసరు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మా అమ్మా నేనూ వడ్డిస్తున్నాం. బిడ్డ యూనివర్సిటీలో చదువుతోందని బాపు గొప్పగా చెప్పాడు. ఏం చదువని ఆయన ఉర్దూలో అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వాడు. మనసుల గురించి పుస్తకాలు చదివి ఆడపిల్ల ఏం చేస్తుంది, అత్తగారి మనసు కనిపెడుతుందా అన్నాడు. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు కాలింది.

నోరు జారిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నోరు జారితే ఒక్క ముక్క బయటపడుతుంది. నేను వివరించాను. చేతిలో పప్పు గిన్నె పట్టుకుని, చక్కటి ఉర్దూలో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

"ఆ లింగయ్య చనిపోలేదు. తల్లి ఏడ్చింది కానీ పిట్ట కోసం ఆగలేదు. కొడుకు నిజంగా పోయుంటే ఏ తల్లీ అట్లా లేచిపోదు."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. బాపు నవ్వు కూడా. అప్పుడైనా నేను ఆపొచ్చు. ఏదో అన్నానులెండి, చదువుకున్న పిచ్చి అని తోసెయ్యొచ్చు. ఆపలేదు. ఆయన ఇంకా అడిగాడు, నేను ఇంకా చెప్పాను, అయిలయ్య పిలిచిన సంగతీ, సర్దిచెప్పిన సంగతీ కూడా. ఆయన షాబాష్ అన్నాడు. సంతోషమేసింది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది. నాకు చాలా సంతోషమేసింది.

మా భూములు పోయాయన్న కక్ష కూడా నాలో ఉందా? ఉందేమో. ఎన్నిసార్లు వెతుక్కున్నానో. కక్షే కారణమని తేలితే బాగుండునని కూడా అనుకున్నాను, కక్షకైనా ఒక కారణం ఉంటుంది. మెప్పు కోసం మనిషిని పట్టించినదాన్ని ఏమంటారు? నేను చదివిన రెండు శాస్త్రాల్లోనూ దీనికి నాకు జవాబు దొరకలేదు.

మల్లమ్మ మీద నిఘా పెట్టారు. ఆమె సద్ది మూట పట్టుకుని గుట్ట మీది గొర్ల దొడ్డికి వెళ్ళిన పొద్దున వెనకే వెళ్ళారు. లింగయ్య అక్కడే ఉన్నాడు. పరుగెత్తుతుంటే కాల్చారు. బండి మీద వేసి ఊళ్ళోకి తెచ్చారు, అందరూ చూడాలని.

మళ్ళీ మూడోనాడు వచ్చింది. ఈసారి నేను వెళ్ళలేదు, మా మేడ మీద నుంచి చూశాను. మల్లమ్మ ఆకుకు ఎడంగా కూర్చుని పొద్దు గుంకేదాకా లేవలేదు. పిట్ట రాలేదు. ఆమె మొదటిసారి ఎందుకు వెళ్ళిపోయిందో అప్పుడు అర్థమైంది. ఊరిని నమ్మించడానికి ఎంతైనా ఏడవగలదు గానీ, బతికున్న కొడుకు పేర పెట్టిన అన్నాన్ని కాకి తింటుంటే చూడలేకపోయింది. నేను కనిపెట్టింది నటన ఒక్కటే. దాని కిందున్న ప్రేమను కనిపెట్టలేదు.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాను. ఒప్పుకోవాలనే వెళ్ళాను, ఇది నిజం. ఆమె గోడకు ఒరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి చాప జరిపింది.

"కూసో దొరసానీ. నువ్వన్న వచ్చినవ్. మావోళ్ళెవ్వరు వస్తలేరు."

"లింగయ్య గుట్ట మీదున్నట్టు ఎట్ల తెలిసిందట?" అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

"ఇంకెట్ల తెలుస్తది బిడ్డా. గా సంగతి ఎరిగినోళ్ళం ఇద్దరమే. నేను, మా అయిలిగాడు. నేనైతే చెప్పలే. కొట్టి సంపినా చెప్పలే. ఇగ చెప్పిందెవడు? ఇంటోడే. వాని చేతి నీళ్ళు గూడ ముట్ట."

ఆమె నా మొహంలోకి చూస్తోంది. నేను తల ఊపాను. కాదు అని అడ్డంగా కాదు. ఔను అన్నట్టు. లేచి వచ్చేశాను.

అయిలయ్యను కులం వెలివేసింది. అతను భార్యాపిల్లలతో పాలమూరు దిక్కు వెళ్ళిపోయాడు. నేను పట్నం వెళ్ళి వ్యాసం ఇచ్చాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ తర్వాత అదే చదువు పిల్లలకు చెప్పాను. ఇంకో సంగతి. దుఃఖం గురించి పాఠం వచ్చినప్పుడల్లా పేర్లు మార్చి ఆ తల్లి కథనే ఉదాహరణగా చెప్పేదాన్ని. పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. కొడుకు దొరికిపోయిన సంగతి దగ్గరికి రాకముందే పాఠం ముగించేదాన్ని.

ఒకసారి జడ్చర్ల సంతలో గొంగళ్ళు అమ్ముతూ అయిలయ్య కనిపించాడు. అప్పటికే ముసలివాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, బాపు బాగోగులు అడిగాడు. తర్వాత, వదిన ఉన్నదా, ఇంకా తనమీద గదే అనుకుంటున్నదా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఒక గొంగడి కొన్నాను. ధర తగ్గించబోతే వద్దన్నాను, అదో గొప్ప న్యాయం చేసినట్టు.

మల్లమ్మ పోయింది. అయిలయ్యా పోయాడని విన్నాను. అతని మనవలు ఎక్కడో ఉన్నారు. మా ఊళ్ళో మాత్రం ఆ ఇంటి మాట వస్తే ఇప్పటికీ అన్న కొడుకును పట్టించినోని వంశం అంటారట. మొన్న మా ఊరి పిల్లవాడొకడు, లింగయ్య చనిపోయాక ఎంతో కాలానికి పుట్టినవాడు, నా ముందే ఆ మాట అన్నాడు. నేను మంచినీళ్ళు తాగుతూ విన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. నా పేరు కూడా రాయలేకపోతున్నాను, చూశారా, ఇంకా పిరికితనమే. కానీ ఇంతవరకు రాశాను. మిగిలిన ఒక్క మాటా రాసేస్తాను. మా ఊరివాళ్ళెవరైనా ఇది చదివితే అయిలయ్య మనవలకు చేర్చండి. లింగయ్య బతికున్నాడని చెప్పింది మీ తాత కాదు. పటేల్ బిడ్డ. నేను.