నడి గోదావరిలో మూసిన లాప్‌టాప్

2022 వానాకాలం. నరసాపురం బస్టాండుకు రెండు వీధుల అవతల నా కంప్యూటర్ రిపేరు షాపు. ఆ నెలల్లో ఏటి గాలికి షాపులో కాగితాలన్నీ మెత్తబడిపోతాయి. బేరాలు లేనప్పుడు గుమ్మంలో స్టూలు వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చుంటాను. మా ఆవిడ దాన్ని బద్ధకం అంటుంది. ఆలోచన అని నేనంటాను.

అప్పట్లో నాకొక పిచ్చి పట్టింది. పాత లాప్‌టాప్ కనబడితే చాలు, అందులో ఒక లైట్‌వెయిట్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసేయడమే. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం. నేను వేసేది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. లోపల ఒక బ్రౌజర్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. మనం రాసిందంతా క్లౌడ్‌లో, అంటే దూరాన ఎక్కడో ఉన్న సర్వర్లలో భద్రంగా ఉంటుంది. పదేళ్ల నాటి మెషిన్ కూడా నిమిషంలో లేచి కూర్చుంటుంటే ఆ తెల్లటి తెరవంక చూస్తూ నన్ను నేనే మరిచిపోయేవాణ్ని.

నాగమణి గారి మెషిన్‌కీ అదే వేశాను. ఆవిడది ఏటి మధ్య లంకలో చేపల వేటకు వెళ్లే కుటుంబం. ఇవతలి ఒడ్డున ఒక చిన్న స్కూల్లో టీచరు. దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు చదువుతూ, గోదావరి మీద వేటాడేవాళ్ల మాటల గురించి ప్రాజెక్టు రాస్తున్నారు. అది సమయానికి ఇస్తే హైస్కూల్లో తెలుగు టీచరుగా తీసుకుంటామని మాట ఇచ్చారట. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"మా లంకలో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదండి," అన్నారావిడ.

"ఫర్వాలేదండి. నెట్ లేనప్పుడు రాసింది మెషిన్‌లోనే ఆగుతుంది. నడి ఏట్లో సిగ్నల్ వస్తుంది కదా, పడవలో ఒక్క నిమిషం తెరవండి. ఫోన్ నెట్ తగిలితే అంతా పైకి వెళ్లిపోతుంది," అన్నాను. దీన్నే సింక్ అంటాం. అక్కడే షాపులో కూర్చోబెట్టి మొదటి పేజీ రాయించి, సింక్ చేసి చూపించాను.

మూడు నెలల తర్వాత వచ్చారు. ఎల్లుండే ఆఖరు తేదీ. ప్రింటు తీయాలి, పనిలో పనిగా మెషిన్ మాటిమాటికీ ఆగిపోతోంది, చూడమన్నారు. ఆవిడ జెరాక్స్ షాపుకి వెళ్లొచ్చేలోగా నేను పాతదంతా చెరిపేసి కొత్త వెర్షన్ వేసేశాను. ఒక్క మాట అడగలేదు. అంతా క్లౌడ్‌లోనే ఉంటుందని నా ధీమా.

ఆవిడ వచ్చి పాస్‌వర్డ్ కొట్టారు. ఫైల్ తెరిచారు. ఒక్క పేజీ. నా షాపులో రాసిన పేజీ.

"మిగతా నలభై పేజీలేవండీ?"

ఫైల్ మూసి మళ్లీ తెరిచాను, అదే ఒక్క పేజీ. "పడవలో తెరిచారా అండీ?"

"రోజూ తెరిచానండి. ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. నడి ఏట్లోకి రాగానే అందరూ లేచి గోదారమ్మకి దణ్ణం పెట్టుకుంటారు కదండీ. తల్లి ముందు పెట్టె తెరుచుకు కూర్చుంటే ఏం బాగుంటుంది? అప్పుడు మూసేసేదాన్ని. మీరు చెప్పిన నిమిషం అప్పటికే దాటిపోయేదండి."

సిగ్నల్ తగిలేదీ అక్కడే. మూత పడగానే మెషిన్ నిద్రపోతుంది, ఇక ఏదీ పైకి వెళ్లదు. ఒడ్డు చేరాక ఆవిడ బడికి పరుగు. పుట్టినప్పటి నుంచీ ఈ గోదావరి దాటుతున్నాను, నడి ఏట్లో నేనూ లేచి దణ్ణం పెట్టేవాణ్నే. అయినా తట్టలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"నేనే చెరిపేశానండి," అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని స్టూలు లాక్కున్నారు. "నేను చెప్తాను, మీరు కొట్టండి."

ఆ రెండు రోజులూ వాన. షట్టర్ సగం దించి కూర్చున్నాం. ఆవిడ కళ్లు మూసుకుని చెబుతుంటే నీళ్ల పోటు, పాటు, వరద ఎర్రనీళ్లు, విసురువల, జెల్ల, కట్టిపరిగ చేపలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. నా వేళ్లు కొడుతున్నా నేను షాపులో లేను. ఎక్కడో తెల్లవారకముందు నీళ్ల మీద, పొగమంచులో, ఎవరో తెడ్డు వేస్తుంటే వెళుతున్నాను. అంత హాయిగా ఎప్పుడూ పని చేయలేదు. అంత భయంగానూ చేయలేదు.

రెండో రోజు సాయంత్రం ఆఖరి పేజీ కృతజ్ఞతలు. వాళ్లమ్మ పేరు, గైడు గారి పేరు చెప్పి, నా పేరు కూడా చెప్పారు.

"వద్దండి. చెరిపింది నేనే కదా."

"మొదటిసారి పుస్తకాల్లో ఉన్నట్టు రాశానండి. ఈసారి మా అమ్మ చెప్పినట్టు చెప్పాను. కొట్టండి."

నా పేరు నేనే కొట్టుకున్నాను. అక్షరాలు సరిగా కనబడక రెండుసార్లు తప్పు పడింది.

ప్రాజెక్టు సమయానికే అందింది. ఆవిడ ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. నేను మాత్రం ఎవరు మెషిన్ తెచ్చినా మూత తెరవకముందే అడుగుతాను, "దీన్ని ఎక్కడ కూర్చుని వాడతారండీ? ఎప్పుడు మూస్తారు?" కొంతమంది నవ్వుతారు. నవ్వినా సరే, జవాబు వినేదాకా ఒక్క మీటా నొక్కను.