ఊగే లోడు, అరవై సెకన్లు

మా నాన్న స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్లు క్రేన్ నడిపాడు. రిటైరయ్యాక ప్లాంటు పక్కనే, హిందీ మాట్లాడే ఖుర్సీపార్ బస్తీలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట వారంలో తిరిగొచ్చింది, నడక రెండు నెలల్లో వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఎడమచేత్తో, చెంచాతో అన్నం తినేవాడు. భోజనం వేళకు ఎవరైనా వస్తే ఆకలి లేదని చెప్పి లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు.

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజుకు మూడు వందల సార్లు నొక్కమంది. వేళ్లు కదపకుండా ఉంచితే బిగుసుకుపోతాయని, తర్వాత ఎంత చేసినా లాభం ఉండదని నాతో విడిగా చెప్పింది. నాన్న మొదటి రోజు నలభై సార్లు నొక్కాడు, రెండో రోజు పదకొండు. మూడో రోజు బంతి మంచం కిందకు దొర్లిపోతే అక్కడే వదిలేశాడు.

అప్పుడు మా అమ్మాయి తన పాత టాబ్లెట్‌లో ఒక ఆట పెట్టి తాతకు ఇచ్చింది. తెర పైభాగంలో క్రేన్ ఉంటుంది. దాని కొక్కేనికి ఒక అంతస్తు వేలాడుతూ ఉంటుంది. వేలితో జరిపితే క్రేన్ కదులుతుంది, కింద అంతస్తు ఊగుతుంది. వేలు ఎత్తితే అది కిందికి దిగుతుంది. అరవై సెకన్లలో పదిహేను అంతస్తులు పేరిస్తే గెలిచినట్టు. కుడిచేతి వేలితోనే ఆడాలని ఎవరూ చెప్పకుండానే ఆయన నియమం పెట్టుకున్నాడు.

ప్రతిసారీ ఓడిపోయేవాడు. అదీ ప్రతిసారీ పన్నెండో అంతస్తు దగ్గరే.

ఇళ్లు కట్టేవాళ్లకు ఇటుక, సిమెంటు, ఇనుము ఎంత పడతాయో అంచనా వేసి ఇవ్వడం నా పని. అంకె ఒకేచోట ఆగిపోతూ ఉంటే కారణం తెలిసేదాకా నాకు తోచదు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కన కూర్చున్నాను. క్రేన్‌ను సరైన చోటికి తేవడానికి ఆయనకు రెండు సెకన్లు పడుతోంది. ఆ తర్వాత మూడు సెకన్లు వేలు కదపకుండా ఆగుతున్నాడు. అంతస్తుకు ఐదు సెకన్లు, అరవైకి పన్నెండు. ఆ మూడు సెకన్లూ లోడు ఊగడం ఆగాలని చూస్తున్నాడు.

మా అమ్మాయికి ఓపిక పోయింది. "ఛోడ్ దో తాతా, వదిలెయ్. ఊగుతా ఉన్నా పడిపోద్ది, ఏం కాదు."

"ఊగుతున్న లోడు దించకూడదమ్మా. కింద మనుషులుంటారు."

"కింద ఎవరూ లేరు తాతా, ఇది గేమ్."

"నీకు కనబడ్డం లేదేమో" అన్నాడు, తెర మీంచి కళ్లు తీయకుండా.

నాకు ఆ ఆట మీద కోపం వచ్చింది. అరవై అని ఎవరు పెట్టారు? చెయ్యి బాగున్నవాడెవడో తన చేతిని చూసుకుని పెట్టి ఉంటాడు. మా నాన్నకు కావలసింది డెబ్బై అయిదు. సెట్టింగులు వెతికితే మూడు దొరికాయి: అరవై, తొంబై, టైము లేకుండా. తొంబై చాలు. కానీ జబ్బు మనిషిని తొందరపెట్టడం ఎందుకని, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు టైము తీసేశాను. ఆయనకు చెప్పలేదు.

ఆ రోజు పదిహేను అంతస్తులూ పూర్తయ్యాయి.  నాన్న తెర మీద గడియారం ఉండే మూలకేసి చూశాడు. ఆ రోజు ఇరవై ఆటలు ఆడాడు. మూడో రోజు ఆరు, అయిదో రోజు రెండు. అందులో ఒకటి తొమ్మిదో అంతస్తు దగ్గర వదిలేసి అరుగు మీదకు వెళ్లి కూర్చున్నాడు. పొద్దున్న లేచేసరికి వేళ్లు మళ్లీ బిగుసుకుంటున్నాయి. నా లెక్క తప్పలేదు, ఫలితం తప్పింది. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఆరో రోజు ఆయనే పిలిచాడు. "ఒరే, గడియారం నువ్వే తీసీసినావు కదా?"

అవునన్నాను. రెండు సెకన్లు, మూడు సెకన్లు, డెబ్బై అయిదు, అన్నీ వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"లెక్క బాగానే ఉంది. నన్నడిగితే ఏటి పోయింది?"

 ఆయనే చెప్పుకుపోయాడు. కరిగిన ఉక్కుతో నిండిన పెద్ద పాత్రను మోసేటప్పుడు కేబిన్లో గడియారం చూసేవాడు కాదట. ఉక్కు చల్లారిపోతూ ఉంటుంది, కింద మనుషులు కాచుకుని ఉంటారు, అదే టైము. మరి అప్పుడూ ఊగడం ఆగేదాకా చూసేవాడివా అని అడిగాను. నవ్వాడు. లోడు ఏ పక్కకు ఊగితే ఆ పక్కకే క్రేన్‌ను దాని నెత్తి మీదకు పరిగెత్తించాలట, అక్కడికక్కడే నిలబడిపోతుందట. ఎడమచేత్తో కళ్లజోడు తాడు పట్టుకుని చేసి చూపించాడు. కళ్లజోడు నిజంగానే నిలబడింది.

"అలా చెయ్యాలంటే ఈ చెయ్యి రావాల" అని కుడిచెయ్యి చూపించాడు. "రాలేదు గనక ఆగుతున్నాను. ఆగినా పోయేది ఏటీ లేదంటే ఇదెందుకు వస్తాది?"

తొంబై పెడతానన్నాను. తొంబైలో ఆగి ఆగి కూడా అయిపోతుందన్నాడు. నా లెక్క ప్రకారమే ఇంకా పదిహేను మిగులుతాయి. అరవై పెట్టాను.

ఈసారి వేలు లోడు వెంట పరిగెత్తడం మొదలుపెట్టింది. మొదట్లో పన్నెండు కాస్తా ఏడుకు పడిపోయింది. అంతస్తులు పక్కకు దొర్లిపోయేవి, ఆయన హిందీలో తిట్టుకునేవాడు. ఇప్పుడు కింద మనుషుల్లేరా తాతా అని మా అమ్మాయి ఎగతాళి చేసేది. ఉన్నారు, అందుకే ఈ తిట్లు అనేవాడు. నాలుగో వారానికి పదమూడు వచ్చాయి. పదిహేను ఇంతవరకూ రాలేదు.

ఆటకు టైము ఉండటం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే నేనిప్పుడు తొందరపడి చెప్పను. చెయ్యి ఎప్పటికీ రాని మనిషికి ఆ అరవై వట్టి అవమానం. అలాంటివాడి కోసం ఆ మూడో సెట్టింగు ఉండి తీరాలి. కానీ దాన్ని నొక్కవలసింది ఆ మనిషి. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నవాడు కాదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నాన్న చెంచా పక్కకు పెట్టి, కుడిచెయ్యి పప్పన్నంలో పెట్టాడు. మా ఆవిడ సాయానికి లేవబోతే కూర్చోమని సైగ చేశాను. మెతుకులు ఒళ్లో పడ్డాయి. నాలుగు ముద్దలు నోటిదాకా వెళ్లాయి, అయిదోది జారిపోయింది. చెంచా అందుకుని మిగిలింది తినేశాడు.

"రేపు అన్నం కొంచెం మెత్తగా వండమను" అన్నాడు. "ముద్ద నిలబడాల."