నోట్లో దస్తీ, ఎదురుగా ఇంజను

ఆ రోజుల్లో నా ఈడువాళ్ల ఫోన్లలో ఎవరెవరి ఫొటోలో ఉండేవి, నా ఫోన్‌లో మాత్రం డీజిల్ ఇంజన్లు ఉండేవి. అన్నీ ఒకే రకం, డబ్ల్యూడీఎం-టూ. పొడవాటి ముక్కు, చిన్న గది, నెత్తిమీద నల్లటి పొగ. నిలబడి ఉన్నప్పుడు కూడా ఊరికే ఉండదు, డుగుడుగుమని తనలో తాను ఏదో గొణుక్కుంటూనే ఉంటుంది. కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. నేను అందులో కూర్చున్న గంటలకంటే వరంగల్ స్టేషన్లో నిలబడ్డ గంటలే ఎక్కువ. "పోరడు ఇంజన్ను చూస్తాండు, ఇంజను వీని మొకం చూస్తలేదు" అని మా నాయన వచ్చిన గిరాకీకల్లా చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు కనుక నేను ఎదురు చెప్పలేదు.

నాకు తోడుగా ఇంకొక పిచ్చివాడు ఉండేవాడు. వాడికి చూడటం కాదు, వినడం పిచ్చి. ఇంజన్ల చప్పుళ్లు రికార్డు చేసి దాచుకునేవాడు కాబట్టి వాణ్ని అందరం మైకు అనేవాళ్లం. మా ఇద్దరికీ గురువు మా గల్లీలోనే ఉండే చాచా. కాజీపేట నుంచి బండ్లు నడిపే లోకో పైలట్. ఆయన రిటైరయ్యే రోజు ఆఖరి డ్యూటీ మా ఇంజనుతోనే పడింది. పైన కరెంటు తీగలు వచ్చి ఏళ్లయినా ఆ ప్యాసింజరు బండిని ఇంకా డీజిలే లాగుతుండేది. ఆ ఇంజన్ను కూడా కొద్ది రోజుల్లో పక్కన పెట్టేస్తారని తెలిసి మైకు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. (నేను తిన్నాను. బాధపడుతూనే తిన్నాను.)

"కేసముద్రంల రెండు నిమిషాలు ఆగుతది. ప్లాట్‌ఫారం కొసకు నిలవడుండ్రి. మీకోసం నాచ్ ఒక్కొక్కటే తీస్త" అన్నాడు చాచా. నాచ్ అంటే ఇంజను జోరు పెంచే పిడి ఆగే మెట్టు. మొత్తం ఎనిమిది ఉంటాయి. ఒక్కో మెట్టుకూ ఇంజను గొంతు మారుతుంది. ఆ గొంతును మొదటి నుంచి చివరిదాకా, మనిషి మాట ఒక్కటీ కలవకుండా పట్టుకోవాలని మైకు ఏడాదిగా కలగంటున్నాడు. ఇంకొక అవకాశం లేదు.

వాడి భయమల్లా నేనే. ఇంజను కనబడితే చాలు, నా నోటి నుంచి నాకు తెలియకుండానే "అబ్బా" అని వచ్చేది. వాడి దగ్గరున్న పాత రికార్డింగులన్నిటిలో నా అబ్బాలే. అందుకని ఆ పొద్దున కేసముద్రంలో దిగగానే జేబులోంచి ఉతికిన దస్తీ తీసి నా చేతిలో పెట్టాడు. "అరేయ్, ఇది నోట్ల కుక్కుకో. బండి పోయేదాంక తియ్యకు." గాలి హోరు పడకుండా వాడి చేతిలోని రికార్డింగు మైకుకు మా అక్క కొడుకు మంకీ క్యాప్ తొడిగాం. ఇక మిగిలింది ప్లాట్‌ఫారం మీది జనం. ధాన్యం బస్తాల దగ్గర కూర్చున్న హమాలీలను బతిమాలాం. వాళ్లు నవ్వి సరేనన్నారు. పల్లీలమ్మే అవ్వ మాత్రం లొంగలేదు.

"రెండు నిమిషాలు సప్పుడు చెయ్యద్దా? ఎందుకు బిడ్డా, ఎవలన్న పోయిండ్రా?"

"ఇంజన్ పోతాంది అవ్వా" అన్నాడు మైకు. బయలుదేరుతుందనే వాడి ఉద్దేశం.

అవ్వ ముఖం మారిపోయింది. గంప కింద పెట్టి, కొంగు నెత్తిమీద కప్పుకుని, "అయ్యో, ఎన్నొద్దుల సంది మంచంల వున్నదో" అంటూ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెను చూసి హమాలీలు లేచారు. వాళ్లను చూసి టికెట్లు కొనుక్కున్నవాళ్లు కూడా లేచారు. అలా ఒక డీజిల్ ఇంజను కోసం కేసముద్రం ప్లాట్‌ఫారం మొత్తం మౌనం పాటించింది.

బండి వచ్చింది, ఆగింది. చాచా మెడలో బంతిపూల దండ ఉంది. ఇంజను ముక్కుకూ ఒక దండ వేశారు. మా వైపు చూసి చెయ్యెత్తాడు. హారన్ మోగింది. మొదటి నాచ్‌కు నా చెప్పుల కింద నేల సన్నగా వణికింది. రెండో నాచ్‌కు ఆ వణుకు మోకాళ్లకు ఎక్కింది. మూడు, నాలుగు. అంతటి ఇనుప కొండ అంగుళం అంగుళంగా నా ముందు కదులుతుంటే, వేడిగాలి ముఖానికి కొడుతుంటే, పొగ లేచి సూర్యుణ్ని కప్పేసింది. వందసార్లు చూసినదాన్ని నేను మొదటిసారి చూస్తున్నాననిపించింది. మనుషులే చేసిన వస్తువు మనుషులను ఇంత చిన్నగా చేయగలదా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దస్తీ ఎప్పుడు కింద పడిందో నాకు తెలియదు.

"చాచా! అబ్బా! చాచా, ఎంత పెద్దగున్నదే!"

అరిచింది నేనే. హమాలీలు అరవలేదు, అవ్వ దగ్గనైనా దగ్గలేదు. బండి చివరి పెట్టె దాటేదాకా నేనే అరిచాను. మైకు తిరుగు బండిలో నా పక్కన కూర్చోలేదు. పదిహేను రోజులు మాట్లాడలేదు కూడా.

ఆ తర్వాత వాడే మనసు మార్చుకుని, చెడిపోయినా సరే చాచాకు వినిపిద్దామన్నాడు. ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. ఫోన్‌లో మొదట డుగుడుగు, తర్వాత ఇంజను గొంతు లేవడం, అంతలోనే నా కేకలు. నేను తల వంచుకుని "మాఫ్ చెయ్యి చాచా, ఖరాబ్ చేసిన" అన్నాను. ఆయన మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు.

"ఇంజన్ సప్పుడు నాకెందుకురా, ముప్పై ఏండ్లు ఇన్న" అన్నాడు చివరికి. "స్టేషన్ల నిలవడ్డోళ్లు డబ్బాలల్ల తమోళ్లెవలున్నరా అని చూస్తరు. ముంగట కూసున్నోన్ని ఇన్నేండ్లల్ల ఒక్కలు పిలువలే. నువ్వు పిలిచినవ్ బిడ్డా."

మైకు ముక్కు తుడుచుకుంటూ ఆ కేకల ముక్కనే కోసి చాచా ఫోన్‌కు రింగ్‌టోన్‌గా పెట్టాడు.

ఇప్పుడు నాకు బట్టతల వచ్చింది, దుకాణం నాదే అయింది. మా స్టేషన్ మీదుగా కరెంటు ఇంజన్లు మర్యాదస్తుల్లా చప్పుడు లేకుండా వెళ్లిపోతాయి. దేన్ని చూసీ నేను చివరిసారి అబ్బా అన్నది ఎప్పుడో గుర్తు లేదు. పండగకో, ఊరికే బాగోగులకో చాచాకు ఫోన్ చేస్తే ఆయన వెంటనే ఎత్తడు. నేను పలకరించే లోపే అక్కడ ఇరవై ఏళ్ల పిచ్చివాడొకడు గొంతు చించుకుని ఆయన్ను పిలుస్తుంటాడు కదా, వాడి పిలుపు పూర్తయ్యేదాకా విని, అప్పుడు ఎత్తుతాడు. నేను ఆగుతాను.