బీగాల గుత్తి

పులివెందుల బస్సెక్కి కూర్చున్నప్పుడు నా ఒళ్లో కోర్సు ప్రాజెక్టు ఉంది. మెదడులో ఒక్క కణం ఎట్లా పనిచేస్తుందో చూపే సర్క్యూట్ అది. కరెంటు కొంచెం కొంచెంగా నిండి హద్దు దాటితే చిన్న లైటు ఒకసారి వెలగాలి, మళ్లీ ఊరుకోవాలి. ఎర్రగుంట్ల దాటాక గతుకులకు ఏదో వైరు ఊడి, లైటు ఆగకుండా కొట్టుకోవడం మొదలైంది.

"ఏందప్పా అది, అట్ల కొట్టుకుంటాంది?" పక్క సీట్లో ఆమె అడిగింది. నలభై ఏళ్లుంటాయి.

"మెదడు లాంటిదక్కా. అదుపు తప్పింది," అన్నాను, చదువుకున్న గొప్ప చూపిస్తూ.

మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టడం మా తట్టు వాడుక. ఆమె నడుముకు దోపుకున్న బీగాల గుత్తి తీసి ఆ వైర్ల మీద అదిమింది. లైటు ఆరిపోయింది. తాళంచెవుల ఇనుము తగిలి షార్టయింది, అంతే.

"మా పెద్దపాపకు గూడా ఈ బీగాలే చేతిలో పెట్టి కూచుంటిమి. ఆస్పత్రికి పొయ్యేతలికి పానం పాయ. ముందే తెచ్చింటే బతికేదని డాక్టరు తిట్టె. ఇనుము పనిచేస్తాది గదప్పా?"

నిజం నాకు తెలుసు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

"పనిచేస్తాదక్కా."

ముద్దనూరులో దిగి, ఆమె కిటికీ దగ్గరికొచ్చింది. "మంచి మాట చెప్తివప్పా. మొన్ననే చిన్నపాపకు గూడా ఫిట్సు మొదులైనాయి."

బస్సు కదిలింది. ఆపించి దిగుదామని లేచాను. ఒళ్లో ప్రాజెక్టు జారిపోతుంటే పట్టుకుని, మళ్లీ కూర్చున్నాను.