అరగని లాడం

నలభై దాటిన వయసులో మళ్లీ బెంచీ మీద కూర్చుని పాఠం వినడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. లాడాలు కొట్టడం మా ఇంటి పని. నల్లగొండ వైపు మా ఊళ్లో మా నాయన ఎద్దులకు కొట్టేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాక నేను మన్సూరాబాద్ వచ్చి గుర్రాలకు కొట్టడం మొదలుపెట్టాను. పట్నంలో ఎద్దులు లేకపోయినా పెళ్లిళ్లకు కొదవ లేదు కదా. పెళ్లికొడుకును ఎక్కించుకుని బ్యాండు వెనక నడిచే గుర్రాలు దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా చాలానే ఉండేవి. వాటిలో సగం నా చేతి కిందే ఉండేవని చెప్పుకునేవాణ్ని. బహుశా సగం ఉండకపోవచ్చు.

తెలంగాణ కోసం జనం రోడ్డెక్కిన రోజులవి. ఏ రోజు బస్సు తిరుగుతుందో, ఏ రోజు దుకాణం తెరుస్తారో పొద్దున లేచి అడిగి తెలుసుకోవలసి వచ్చేది. అలాంటి రోజుల్లో పశువుల డాక్టర్లు కొందరు కలిసి లాడాలు కొట్టేవాళ్లకు ఐదు రోజుల శిక్షణ పెట్టారు. పని రానివాళ్లకు కాదు, ఏళ్లుగా చేస్తున్నవాళ్లకే. ఎల్.బి.నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల ఒక ఫంక్షన్ హాలు ఖాళీగా పడి ఉంటే దాని పెరట్లో షామియానా వేశారు. పూర్తి చేసినవాళ్లకు ఒక సర్టిఫికెట్ ఇస్తారన్నారు. అది ఉంటే పందెపు గుర్రాల పని కూడా దొరుకుతుందని ఎవరో చెప్పగా విన్నాను. నేను వెళ్లింది ఆ కాగితం కోసమే. నేర్చుకోవడానికి నాకు ఏమీ మిగల్లేదని నా నమ్మకం.

నేర్పడానికి వచ్చినాయన సైన్యంలో గుర్రాలకు లాడాలు కొట్టి రిటైరైన మనిషి. గుంటూరు వైపు వాడు, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. ఆయన నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడగానే నా పక్కన కూర్చున్నవాడు నా చెవిలో అన్నాడు.

"మనకు నేర్పనీకె గూడ ఆళ్లే రావాల్నా అన్నా?"

నేను నవ్వాను. నాకూ అదే అనిపించిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ ఏడాది అందరికీ అలాగే అనిపించేది.

రెండో రోజు ఆయన మా అందరినీ చేతులు చాపమన్నాడు. గోళ్లు చూసుకోమన్నాడు.

"గుర్రం గిట్ట కూడా గోరేనండి. లాడం అరిగినా అరగకపోయినా గోరు పెరక్క మానదు. అందుకని ఆరు వారాలకోసారి లాడం ఊడదీయాలి. పెరిగింది చెక్కేసి, లాడం బాగుంటే అదే మళ్లీ కొట్టుకోవచ్చు."

నేను లేచి నిలబడ్డాను. మా నాయన నాకు నేర్పిన మొదటి సూత్రమే దీనికి అడ్డంగా ఉంది. అరిగిన లాడం ఉంచొద్దు, అరగని లాడం ముట్టొద్దు. మంచి ఇనుమును ఊడదీసేవాణ్ని మా ఊళ్లో పనిమంతుడు అనరు.

"సార్, కొత్త లాడం ఊడదీసుడు ఏంది? మా నాయన ఎన్నడు తియ్యలే."

"మీ నాన్నగారు ఎద్దులకు కొట్టేవారా?"

"అవ్."

"ఎద్దు రోజూ రాళ్ల బాటలో బండి లాగుతుందండి. గిట్ట పెరిగేలోపే లాడం అరిగిపోతుంది. ఆయన లెక్క ఆయన పనికి సరిగ్గా సరిపోయింది. పెళ్లిగుర్రం అలా కాదు. సీజన్లో తిరుగుతుంది, సీజన్ లేకపోతే నిలబడే ఉంటుంది."

ఆయన మా నాయనను తప్పు పట్టి ఉంటే పోట్లాడేవాణ్ని. తప్పు పట్టకుండా మెచ్చుకున్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. సర్కారు సొమ్ముతో పని చేసినవాళ్లు చెప్పే మాటలివి అని పక్కవాడితో గొణుక్కుంటూ కూర్చున్నాను.

చివరి రోజున ఎవరి చేతి పని వాళ్లు చూపించాలి. తాను లాడం కొట్టిన గుర్రాన్ని ఒకదాన్ని తోలుకొచ్చి అందరి ముందూ ఆ లాడం ఊడదీయాలి. నాకు వెంటనే మా వాడకట్టులోని తెల్ల ఆడగుర్రం గుర్తొచ్చింది. దాన్ని సాకే ఆమె నాకంటే ఓ పదేళ్లు చిన్నది. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. భర్త చనిపోయి ఏడాదిన్నర. ఆయన వదిలిపెట్టి పోయింది ఆ గుర్రం ఒక్కటే, ఆమె బతుకంతా దాని నాలుగు కాళ్ల మీదే నడుస్తోంది. పెళ్లి ఊరేగింపుకు ముండమోసిన మనిషి ఎదురు రాకూడదు కదా. అందుకని గుర్రాన్ని కడిగి, జీను వేసి, మెడలో పూసలు కట్టి, పెళ్లివారి వీధి మలుపు దాకా తనే నడిపించుకెళ్లేది. అక్కడ తాడు బ్యాండువాళ్ల చేతికిచ్చి వెనక్కి వచ్చేసేది. నేను చాలాసార్లు చూశాను. ఆ మలుపు దగ్గర ఆమె గుర్రానికి ఏదో ఒక మాట చెప్పేది.

ఆ గుర్రానికి నేను లాడాలు కొట్టి నాలుగు నెలలైంది. కొట్టిన కొద్ది రోజులకే మూఢం వచ్చింది, అది పోయేసరికి బంద్‌లు మొదలయ్యాయి. ఊరేగింపులు లేవు. గుర్రం నాలుగు నెలలుగా రేకుల కొట్టం కింద నిలబడే ఉంది. లాడాలు నిన్న కొట్టినట్టు మెరుస్తున్నాయి. మధ్యలో ఆమె మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ముందటి కాలు జర తేలిక బెడుతున్నది. చూస్తవా?"

వెళ్లి చూశాను. చూశానంటే నిలబడే చూశాను. లాడం కొత్తగా ఉంది, మేకులు బిగువుగా ఉన్నాయి. నిలబెట్టి నిలబెట్టి కాళ్లు బిగుసుకుపోయినై, పని మొదలైతే అదే పోతది అన్నాను. మూడోసారి అయితే వెళ్లనేలేదు, ఇంట్లో కూర్చునే ఆ మాట చెప్పి పంపించాను. తర్వాత ఆమె రావడం మానేసింది. తగ్గిపోయిందనుకున్నాను.

ఐదో రోజు బంద్. పొద్దున్నే గుర్రం కోసం వెళితే ఆమె గడప దగ్గరే నిలబడి, తీసుకుపో అన్నట్టు చెయ్యి ఊపింది. కొట్టం దాకా రాలేదు. పక్కింటి ముసలాయన తాడు విప్పి నా చేతికిచ్చాడు. గుర్రం మెడలో కొత్తగా ఒక నల్లదారం, దానికి ఎండు మిరపకాయలు, నిమ్మకాయ కట్టి ఉన్నాయి. కొన్నాళ్లుగా గడ్డి, నీళ్లు తనే పెడుతున్నానని ముసలాయన చెప్పాడు. ఆమెకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. కారణం అడగలేదు. బ్యాండు మేస్త్రి వచ్చి చూసిపోయాడని, కార్తీకం ముహూర్తాలకు కాలు సరిపడకపోతే వేరే గుర్రాన్ని మాట్లాడుకుంటానన్నాడని కూడా ముసలాయనే చెప్పాడు. అప్పుడు మాత్రం గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి చూశాను. కుంటుతోంది. బాగానే కుంటుతోంది.

వెనక్కి కట్టేసి వేరే గుర్రాన్ని తీసుకుపోవచ్చు. కానీ నాలుగు నెలలైనా మెరిసే లాడాలు చూపించి ఆ గుంటూరాయన నోరు మూయించాలని నా కోరిక. మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్లాను.

హాలు పెరట్లో అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆయన గుర్రం కాలెత్తి తొడల మధ్య పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పట్టకారు నా చేతికి ఇచ్చాడు. నేనే మేకులు విరిచి లాడం ఊడదీశాను. గిట్ట ముందుకు పెరిగింది, దాంతో లాడం కూడా ముందుకు జరిగిపోయింది. మడమ దగ్గర గట్టి అంచు మీద ఉండాల్సిన లాడం కొనలు లోపలి మెత్తటి చోటికి దిగి కూర్చున్నాయి. ఆయన కత్తితో పైపొర కొద్దిగా గీశాడు. కింద రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కమిలి ఉంది. రెండో ముందుకాలూ అంతే. బొటనవేలంత ఇనుము ముక్క ఆ మెత్తటి మాంసం మీద దిగబడి ఉంటే, ఆ జంతువు ఎన్ని వారాలుగా దాని మీదే నిలబడి ఉందో.

"ఎవరు కొట్టారండీ ఇవి?" అని అడిగాడు.

"నాకంటే ముందు ఎవరో కొట్టిన్రు సార్," అన్నాను.

ఆ అబద్ధం నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో చెబితే నమ్మరు. ఆయన నా ముఖం వంక చూశాడు. మేకుల వరస చూసినవాడికి అవి ఎవరివో తెలియకపోదు. ఐదు రోజులుగా నా మేకులు చూస్తూనే ఉన్నాడు. కాలు మెల్లగా కింద పెట్టాడు.

"పదిహేను రోజులు లాడాలొద్దండి. మెత్తటి నేల మీద ఉంచండి. ఉప్పునీళ్లలో తడిపిన గోనెపట్టా కట్టండి. తగ్గుతుంది. కార్తీకానికి నడుస్తుంది." అలా చెప్పి పట్టాలు తనే కట్టాడు. సాయంత్రం అందరితో పాటు నాకూ సర్టిఫికెట్ ఇచ్చారు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వండుతున్నారు. గుర్రం కాళ్లకు గోనెపట్టాలు చూసి జనం దారి ఇచ్చారు. ఎవరో ఒకామె విస్తట్లో పులిహోర పెట్టి ఇచ్చింది. తినకపోతే బాగుండదని నిలబడే తిన్నాను. చుట్టూ నినాదాలు. నా తలలో మాత్రం ఒకటే ఆలోచన, ఆమెకు ఏం చెప్పాలి. రాయి గుచ్చుకుంది అనవచ్చు. తానే దిష్టి తగిలిందనుకుంటోంది, నిమ్మకాయ కట్టింది, ఆ మాటకే తలూపవచ్చు. లాడాల మనిషి పేరు ఒకసారి చెడితే ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ పిలవరు. అదీ నిజమే.

ఇంటి దగ్గర ఆమె మళ్లీ గడపలోనే నిలబడి ఉంది. గుర్రాన్ని కొట్టంలో కట్టాను. అంత దూరం నుంచే అడిగింది.

"ఏమన్నరు అన్నా?"

"పదిహేను రోజులల్ల తగ్గుతదట. నువ్వు ఇటు రా చెల్లె, పట్టా ఎట్ల కట్టాల్నో చూపిస్త."

"నేను రాను. ముసలాయనకు చూపియ్యి."

"నువ్వెందుకు రావు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "బ్యాండోళ్లు అన్నరు. మొగడు పోయినదాని చెయ్యి రోజు తగిలితె గుర్రం కాలు పోదా అని. నాక్కూడ అదే నిజమనిపించింది. ఆయన పోయిండు, ఇప్పుడిది. గందుకే దగ్గరికి పోతలేను. రెండు నెలలాయె, నా చేతితోని పిడికెడు గడ్డి పెట్టలే."

ఆ రెండు నెలలు నాకు తెలియవు. నా ఇంట్లో కూర్చుని నేను మాట చెప్పి పంపించినప్పటి నుంచి లెక్క అది. నిజం చెప్పకుండా వెళ్లిపోయే దారి ఇంకా ఉంది. కానీ వెళ్లలేకపోయాను.

"నీ చెయ్యి గాదు చెల్లె. నాది. లాడం ఊడదీసి గిట్ట చెక్కాల్సి ఉండె. నేను చెయ్యలే. నువ్వు మూడుసార్లు పిలిచినవ్, నేను కాలు ఎత్తి గూడ చూడలే. మడమ కమిలింది నా లాడంతోనే."

ఆమె తిట్టలేదు. తిడుతుందేమోనని ఎదురు చూశాను, తిడితే తేలికగా ఉండేది.

"మల్ల ఒకసారి చెప్పు," అంది.

మళ్లీ చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి నానబెట్టిన శనగలు గుప్పెడు తెచ్చింది. నన్ను దాటుకుని కొట్టం వాకిట్లో నిలబడి చెయ్యి చాపింది. గుర్రం రాలేదు. రెండు నెలలుగా ముసలాయన చేతికి అలవాటుపడ్డ జంతువు, చెవులు మాత్రం ఇటు తిప్పి అక్కడే నిలబడింది. ఆమె పిలవలేదు. చెయ్యి దించనూ లేదు.

తాడు పొడవు మూడడుగులు. ఆ మూడడుగులూ గుర్రం కుంటుకుంటూ నడిచి వచ్చి ఆమె అరచేతిలో మూతి పెట్టింది. వేసిన ప్రతి అడుగుకీ దాని మెడ ఎగిసిపడడం చూశాను. అది నేను చేసిన పని. ఆమె దాని మెడ పట్టుకుని ఏడుస్తుంటే అక్కడ ఉండే హక్కు నాకు లేదని తెలిసి గేటు వైపు నడిచాను.

"అన్నా," అని వెనక నుంచి పిలిచింది. తిరిగి చూశాను. "ఇగ దీనికి నువ్వు కొట్టకు."

సరే అన్నాను.